పద్నాలుగో నంబరు సున్నా

షార్జాలో మా అల్ నహ్దా నుంచి దుబాయ్‌లో సత్యవతి వదిన వాళ్లుండే అల్ కుసైస్‌కి నడిచి వెళ్తే అరగంట, కారెక్కితే ముప్పావుగంట. ఇదేం లెక్కని నన్నడక్కండి. మధ్యలో ఒకచోట షార్జా అయిపోయి దుబాయ్ మొదలవుతుంది. ఆ మొదలయ్యే చోట కార్లన్నీ పెళ్లిపందిట్లో వడ్డన కోసం కూర్చున్నట్టు కూర్చుంటాయి. అందుకని వదిన చలికాలమంతా నడిచే వస్తుంది, ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో స్టీలు డబ్బా. పోయిన ఫిబ్రవరిలో ఒక శుక్రవారం అలాగే వచ్చింది. తేదీ కూడా నా దగ్గరుంది. నేను తేదీలు చెప్పి చదివేవాళ్లని చంపుతానని మా అమ్మాయి అంటుంది కాబట్టి ఈసారికి వదిలేస్తున్నాను. మా షార్జాలో శుక్రవారం పూర్తి సెలవు, వాళ్ల దుబాయ్‌లో సగం సెలవు అని మాత్రం రాయకపోతే నాకు నిద్ర పట్టదు.

ఆ రోజు వదిన డబ్బా తెరవలేదు. సోఫాలో కూర్చుని ఫోను నా ముందు పెట్టి, "వదినా, ఇది చదివి నిజం చెప్పు" అంది. ఆవిడ భర్త సూర్యనారాయణది మా ఊరే. చిన్నప్పుడు నేను అన్నయ్యా అని పిలిచేదాన్ని, ఇక్కడ పార్కులో మళ్లీ కనిపించాక ఇప్పుడూ అదే పిలుపు. ఆయన పనిచేసిన జూట్‌మిల్లు రిటైరైనవాళ్లకి ఒక వాట్సాప్ గ్రూపుంది. పొద్దున గుడ్‌మార్నింగు పువ్వులు, సాయంత్రం మోకాళ్ల నొప్పికి చిట్కాలు తప్ప అందులో ఏమీ రావు. అలాంటి గ్రూపులో ఎవరో పాత ఇంగ్లీషు పేపరు ముక్కని ఫొటో తీసి పెట్టారు. మా మిల్లు జట్టుకీ రేవు జట్టుకీ జరిగిన బాస్కెట్‌బాల్ ఫైనలు. మిల్లు యాభై ఎనిమిది, రేవు యాభై ఏడు. కింద ఆటగాళ్ల పేర్లు, పక్కన ఎవరెన్ని పాయింట్లు వేశారో అంకెలు. మిల్లు వరసలో ఆఖరి పేరు పద్నాలుగో నంబరు సూర్యనారాయణ, దాని పక్కన సున్నా.

మనవరాలు హాసిని ఇడ్లీ తింటూ దాన్ని పైకి చదివిందట, తాతయ్యా నువ్వు జీరో అని నవ్విందట. ఆ పిల్ల తప్పేం లేదు, స్కూలు జట్టులో తనూ అదే ఆట ఆడుతుంది. అందరూ నవ్వారు, ఆయన తప్ప. చెయ్యి కడుక్కుని వెళ్లి పడుకున్నాడు. "పొద్దున్నించి బుట్ట ఊసెత్తలేదు వదినా. నూట రెండు జ్వరంలో కూడా ఎత్తేవాడు" అంది వదిన.

ఆ బుట్ట సంగతి తెలియనివాళ్లు అల్ కుసైస్‌లో లేరు. ఫైనల్లో, ఆఖరి నిమిషంలో, సగం మైదానం అవతల్నించి సూర్యనారాయణన్నయ్య విసిరిన బంతి గాల్లో తిరుగుతూ తిరుగుతూ వచ్చి రింగులో దూరిన కథ అది. పార్కులో వాచ్‌మన్‌కీ తెలుసు, కిరాణా కొట్టు మలయాళీకీ తెలుసు. నేనూ చాలాసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ సగం మైదానం కొంచెం పెరిగేది. దానితో వదినకి ఏం పనో నాకు ఆ శుక్రవారం దాకా తెలియదు. ఆవిడ ఇరవై ఏళ్లకు పైగా ఈ దేశంలో ఒక అరబ్బుల ఇంట్లో వంట చేసింది. ఆయన ఊళ్లో పిల్లల్ని పెట్టుకుని మిల్లుకి వెళ్లేవాడు. ఉత్తరం రాయడం ఇద్దరికీ సరిగ్గా రాదు, అందుకని ఊరికొచ్చి వెళ్లేవాళ్ల చేత క్యాసెట్లు పంపేవాడు. పిల్లల చదువులు, గేదె ఈనిన సంగతి అన్నీ అయ్యాక, క్యాసెట్లో ఇంకా టేపు మిగిలితే ఆ బుట్ట కథ చెప్పేవాడట. ప్రతి క్యాసెట్లోనూ టేపు మిగిలేది.

"ఆ వంటింట్లో ఉల్లిపాయలు తరుక్కుంటూ అదే వినేదాన్ని. నా మొగుడు ఇలాంటోడు అనుకునేదాన్ని" అంది. "నువ్వు ఆ రోజు అక్కడున్నావుగా. పడిందా, లేదా? అబద్ధమైతే ఖలాస్, ఇంక ఎవరి దగ్గరా ఎత్తను. కానీ నాకు తెలియాలి."

నేనక్కడున్న మాట నిజమే. ఉండడమేమిటి, ఆ ఆటలో ప్రతి బుట్టా నా గొంతులోంచే ఊరికి తెలిసింది. కానీ ఆయన బుట్ట నాకు గుర్తులేదు. గుర్తుందని చెప్పేయొచ్చు, ఎవరైనా అదే చెబుతారు. జ్ఞాపకం అడిగినవాళ్ల వైపు ఒరుగుతుంది, కూడిక ఒరగదు. ఫొటో నాకు పంపమన్నాను, రెండు రోజులు టైమడిగాను.

మా ఇల్లు మిల్లు ఆటస్థలం గోడకి ఆనుకుని ఉండేది. పొద్దున్నే మా అమ్మ పొయ్యి మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ ఊక దట్టించి, సీసాని మెల్లగా తిప్పి పైకి తీసేది. ఆ బెజ్జంలోంచి మంట లేచేసరికి గోడవతల మిల్లు కూత కూసేది. నూనె పట్టించిన జనపనార వాసన, ఊక పొగ, గేదె కుడితి, వీటన్నిటి మీదా మా నాయనమ్మ చుట్ట. ఆవిడ అడ్డపొగ తాగేది, అంటే నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని. నిప్పు నోట్లో ఉండగానే మాట్లాడేది, తిట్టేది, కోళ్లని పిలిచేది. ఆవిడ నోరు కాలడం నేనెప్పుడూ చూడలేదు, ఆవిడ మాటకి కాలినవాళ్లని మాత్రం చాలామందిని చూశాను.

మా నాన్న కళ్లాల్లో ధాన్యం కొలిచేవాడు. కుంచం నిండా ముంచి, చేత్తో తలకొట్టి, గోనెలో పోస్తూ పెద్దగా లెక్క పిలిచేవాడు. రైతుకీ, కొనేవాడికీ, గట్టు మీద నిలబడ్డవాడికీ వినబడాలి, అదే ఆ పనిలో నిజాయితీ. మొదటి కుంచానికి ఒకటి అనకూడదు, లాభం అనాలి. లాభం, రెండు, మూడు, ఇలా. ఒకటంటే వెనకాల ఎవరూ లేని ఒంటరి అంకె, లాభమంటే ఇంకా వస్తాయని పిలుపు, అనేవాడు నాన్న. నేను ఒకసారి పొరపాటున ఒకటి అంటే, పోసిన కుంచెడు ధాన్యం వెనక్కి తీయించి మళ్లీ కొలిపించాడు. మా ఇంట్లో ఒకటి అనే అంకె లెక్కల పుస్తకంలో తప్ప ఉండేది కాదు. చాకలికి వేసే బట్టలు, గూట్లో దూరే కోళ్లు, విస్తట్లో వేసే అట్లు అన్నీ లాభంతోనే మొదలు.

నాన్నకి గొంతు బొంగురుపోయిన ఏడాది కళ్లంలో లెక్క నేను పిలిచాను. కాలవ అవతలి కళ్లం వాళ్లు నా లెక్క విని తమది తప్పారట. ఆ మాట మిల్లు దొరగారి దాకా వెళ్లింది. మిల్లుకి మైకు ఉంది కానీ దాన్ని జెండా పండగకి తప్ప బీరువాలోంచి తీసేవాళ్లు కాదు. అందుకని ఆటల పోటీల్లో లెక్క పిలవడానికి నన్ను కూర్చోబెట్టారు. పరికిణీ వేసుకునే వయసు. ముందు కుర్చీలో గుమాస్తా ఇంగ్లీషులో కాగితం నింపుతుంటే, పక్కన స్టూలెక్కి నేను అరవాలి. బంతి బుట్టలో పడగానే రెఫరీ వేళ్లతో ఆటగాడి నంబరు చూపించేవాడు. ఆ నంబరూ, అతను వేసిన బుట్టల లెక్కా నేను పిలిచేదాన్ని. "ఏడో నంబరు, లాభం." తర్వాత అతనే మళ్లీ వేస్తే, "ఏడో నంబరు, రెండు." బుట్టకి రెండు పాయింట్లు. తప్పు ఆడినందుకు ఎదుటివాళ్లకిచ్చే విడి బంతి పడితే ఒక్క పాయింటు, దానికి "ఒంటి" అని వేరే పిలుపు. షిఫ్టు దిగి మసి చేతులతో వచ్చినవాళ్లు గోడ మీద కూర్చుని, నా గొంతు పట్టుకుని తమవాడి లెక్క వేళ్ల మీద వేసుకునేవాళ్లు.

మా నాన్నకి ఆ ఆట తెగ నచ్చింది. ఎందుకంటే అందులో చొక్కా నంబర్లు నాలుగుతో మొదలయ్యేవి. మొదటి మూడు వేళ్లూ రెఫరీ వేరే సైగలకి వాడుకుంటాడు కాబట్టి ఆ అంకెలు ఎవరికీ ఇచ్చేవాళ్లు కాదు. ఒకటనేదే లేని ఆట పెట్టినవాడు మంచి కొలతగాడై ఉంటాడని నాన్న నమ్మకం. నాయనమ్మకి వేరే కారణం. ఆ రోజుల్లో తప్పాడినవాడు తనంతట తను మా బల్ల వైపు తిరిగి చెయ్యెత్తి నిలబడాలి. అడ్డపొగ బిగించి, చేతులెత్తేవాళ్లని చూడ్డానికే వచ్చి కూర్చునేది. ఊళ్లో ఇన్ని పంచాయితీలు చూశాను, తప్పు చేసినవాడు చెయ్యెత్తడం ఇక్కడే చూస్తున్నానని మురిసిపోయేది. హాసిని ఆట చూడ్డానికి నేనూ రెండుసార్లు వెళ్లాను. చల్లటి హాలు, నిగనిగలాడే చెక్క నేల. ఇప్పుడెవరూ చెయ్యెత్తరు, రెండు చేతులూ చాచి నేనేం చేశానని అడుగుతారు. నాయనమ్మ ఉంటే మధ్యలోనే లేచి వచ్చేసేది.

మిల్లు జట్టులో నిజం ఆటగాళ్లు ఐదుగురే. వాళ్లని దూరం ఊళ్ల నుంచి తెచ్చి, పేరుకి గుమాస్తాలని రాసుకుని, ఆడ్డానికే జీతమిచ్చేవాళ్లు. వాళ్ల గుడ్లు వేరే, పాలు వేరే. సూర్యనారాయణన్నయ్య ఆ బాపతు కాదు. స్పిన్నింగులో పని, మనిషి పొడుగు, షిఫ్టు అయ్యాక వాళ్లకి బంతులందించేవాడు. ఫైనలు మధ్యలో జీతగాళ్లలో ఒకడికి కడుపులో తిప్పింది. ముందురోజు పెళ్లిలో పనసపొట్టు కూర మారు మారు వేయించుకున్నాడని తర్వాత తెలిసింది. సూర్యనారాయణన్నయ్యకి పద్నాలుగో నంబరు చొక్కా, నిక్కరు తొడిగి దింపారు. అవి ఇద్దరు మనుషులు పట్టే బట్టలు. నిక్కరు జారకుండా మిల్లు పురికొసతో నడుముకి కట్టారు. నాకు ఆయన గురించి గుర్తున్నది ఇంతే. ఇంకొకటి, ఆట అయ్యేదాకా ఒక చెయ్యి నడుం మీద పెట్టుకుని పరిగెత్తాడు. ఈయనకీ కడుపునొప్పి అంటుకుందనుకున్నాను.

శుక్రవారం సాయంత్రం పేపరు ముక్క ముందు పెట్టుకుని కూడడం మొదలుపెట్టాను. మిల్లు వరస: పదిహేను, పది, తొమ్మిది, ఎనిమిది, నాలుగు, సున్నా. కూడితే నలభై ఆరు. పైనేమో యాభై ఎనిమిది. పన్నెండు తక్కువ. కింది నుంచి పైకి కూడినా అంతే. రేవు వరసనీ కూడి చూశాను, ఐదుగురు వేసినవాళ్లు, ఒకడికి సున్నా. మొత్తం నలభై ఏడు, పైన యాభై ఏడు. పది తక్కువ. నిజం చెప్పాలంటే నాకు ఒళ్లంతా పులకరించింది. నా వయసులో అచ్చులో తప్పు దొరకడం కంటే పండగేముంది. భోజనానికి పిలిస్తే మా అమ్మాయికి కూడా చూపించాను. పాత పేపర్లలో తప్పులుంటాయి లేమ్మా అంది. తప్పులుంటే ఉండనీ, ఒక వైపు పన్నెండు, ఒక వైపు పదీ ఎందుకుండాలి? తప్పుకైనా ఒక పద్ధతుండాలి కదా.

పద్ధతి శనివారం మధ్యాహ్నం దొరికింది. బియ్యం డబ్బా మూత తీసి, ప్లాస్టిక్కు గ్లాసుతో ముంచి, కుక్కరు గిన్నెలో పోస్తూ ఎప్పటిలా "లాభం" అన్నాను. రెండో గ్లాసు నా చేతిలోనే ఆగిపోయింది.

పట్నం నుంచి వచ్చిన ఆ విలేకరి కళ్ల ముందుకొచ్చాడు. సన్నటి మనిషి, నా వెనక బెంచీ మీద కూర్చుని, నేను పిలిచినప్పుడల్లా నంబరు పక్కన గీత గీసుకునేవాడు. విరామంలో సోడా తాగుతూ, ప్రతి ఆటగాణ్ణీ ముందుగా దీవించడం బాగుంది, మీ ఊరి పద్ధతి నచ్చిందన్నాడు. మా లెక్క పద్ధతిని మెచ్చుకుంటున్నాడనుకుని నేను పొంగిపోయాను. పట్నంలో పుట్టి, బియ్యం కాటా మీద తూచి కొనుక్కునేవాడు, కుంచం లెక్క ఎక్కడ వింటాడు? లాభాన్ని దీవెన అనుకున్నాడు. దీవెనకి ఎవరైనా గీత గీస్తారా? రెండు దగ్గర్నుంచి గీశాడు. బుట్ట వేసిన ప్రతివాడికీ మొదటి బుట్ట పోయింది. మనిషికి రెండు పాయింట్లు. మొత్తం మాత్రం గుమాస్తా కాగితంలోంచి దించుకున్నాడు కాబట్టి సరిగ్గా ఉంది.

ఇప్పుడు చూడండి. రేవు వరసలో వేసినవాళ్లు ఐదుగురు, ఐదు రెళ్లు పది, పోయినవీ పదే. అంటే వాళ్లలో సున్నా వచ్చినవాడిది నికార్సయిన సున్నా. మిల్లు వరసలో అచ్చు ప్రకారం వేసినవాళ్లు ఐదుగురే, కానీ పోయినవి పన్నెండు. ఆరో మనిషి లేకుండా పన్నెండు రావు. ఆ ఆరోవాడు ఒక్క బుట్టే వేశాడు, ఆ ఒక్కటీ లాభమే, అందుకని పేపర్లో సున్నా అయ్యాడు.

కుక్కరు అలాగే వదిలేసి గొడుగు తీసుకున్నాను. ఫోను చేయొచ్చు కదా అని మా అమ్మాయి అరుస్తోంది, ఇలాంటివి ఫోనులో చెబుతారా? రోడ్డు దాటే సిగ్నలు దగ్గర నిలబడి నాలో నేను లాభం, లాభం అనుకుంటున్నానట, పక్కనున్న కుర్రాడు వింతగా చూశాడు. సజ్జా ఫ్యాక్టరీల్లో పనిచేసే కరీంనగరతను, మాట చెబుతూనే ఉంది.

"ఏందమ్మా, లాటరీ తగిలిందా?"

"రెండు పాయింట్లు తగిలాయి నాయనా."

"గంతేనా" అన్నాడు జాలిగా. పచ్చలైటు పడింది. అరగంట దారి ఆ రోజు ఎంతలో నడిచానో నేను చూసుకోలేదు. జీవితంలో నేను టైము చూసుకోని నడక అదే అయ్యుంటుంది.

వాళ్లింట్లో గారెలు వేస్తున్నారు. సూర్యనారాయణన్నయ్య గోడ వైపు తిరిగి పడుకుని ఉన్నాడు. నేను హాసినిని కాగితం తెమ్మని, నా లాభం పిలుపు, విలేకరి దాన్ని దీవెన అనుకోవడం చెప్పి, కూడికంతా ఆ పిల్ల చేతే వేయించాను. వదిన చిల్లుల గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడింది. పన్నెండుని రెండుతో భాగించమన్నాను. ఆరు అంది హాసిని. బుట్టలు వేసినట్టు పేపర్లో ఎంతమంది ఉన్నారు అన్నాను. ఐదుగురు అంది. అని, తనే నోరు తెరుచుకుని మంచం వైపు చూసింది. "తాతయ్యా, నువ్వు జీరో కాదు."

ఆయన లేచి కూర్చున్నాడు. కళ్లజోడు పెట్టుకుని కాగితం చూశాడు, నన్ను చూశాడు, ఒక్కసారిగా పదేళ్లు తగ్గాయి. "నేను చెప్పలా? సగం మైదానం అవతల్నించి…"

"అయితే అది త్రీ పాయింటర్ కదా" అంది హాసిని.

ఆయనకి ఆ మాట రుచిగా తగిలింది. మూడు అన్నాడు మెల్లగా, చప్పరిస్తున్నట్టు. నేనడ్డుపడ్డాను. ఆ రోజుల్లో మూడనేది లేదు, ఆకాశంలోంచి వేసినా రెండే. మూడేస్తే మొత్తం యాభై తొమ్మిదవుతుంది, నేనొప్పుకోను. "బుట్ట పడింది అన్నయ్యా. అది లెక్కలో ఉంది. ఎక్కణ్ణించి పడిందో మాత్రం లెక్కలో లేదు."

వదిన గరిటె పట్టుకునే మంచం దగ్గరికొచ్చింది. నూనె చుక్కలు నేల మీద పడుతున్నాయి, ఆవిడ నేల మీద నూనె పడనివ్వడం నేనెప్పుడూ చూడలేదు. "ఏవయ్యా, పడిందిగా. ఇంక నాకు చాలు. కానీ ఎక్కణ్ణించి వేశావు?"

ఆయన అందర్నీ ఒకసారి చూసి, దుప్పటి మడతలు సరిచేసి, "రింగు కింద నించి" అన్నాడు. "ఆఖర్లో కూడా కాదు, మధ్యలో. పురికొస తెగిపోయింది. ఎవరో బంతి నా చేతిలో పెట్టారు. ఓ చేత్తో నిక్కరు పట్టుకుని, ఇంకో చేత్తో పైకి తోశా. ఎలా పడిందో నాకూ తెలీదు. ఆట అయ్యేదాకా చెయ్యి తీయలా."

వదినకి నవ్వొచ్చింది. మామూలు నవ్వు కాదు, ముందు భుజాలు కదిలాయి, తర్వాత గరిటె కదిలింది, తర్వాత ఆవిడ మంచంకోడు పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఇరవై ఏళ్లు క్యాసెట్లో సగం మైదానం విన్నానే, ఈ ముక్క పంపిస్తే ఆ అరబ్బు పిల్లలకి కూడా చెప్పి నవ్వేదాన్ని కదయ్యా అని, చెప్పలేక చెప్పలేక చెప్పింది. నవ్వుతావనే చెప్పలేదన్నాడు ఆయన, తనూ నవ్వుతూ. నడుం మీద చెయ్యి నాకు గుర్తుందని నేను సాక్ష్యం చెప్పాను. కడుపునొప్పి అనుకున్నానంటే మళ్లీ మొదలైంది. నేను నవ్వాక గుండె పట్టుకుని మంచినీళ్లు అడగాల్సి వచ్చింది. హాసిని వాళ్ల ఆటలో ఎవరెన్ని వేశారో, ఎక్కణ్ణించి వేశారో, ఎన్ని పోయాయో అన్నీ ఫోనులో కనబడతాయి, అచ్చు తప్పులుండవు. చాలా మంచిది, నాలాంటిదానికి స్వర్గం. కానీ ఎంత వెతికినా పురికొసకి అందులో గడి లేదు.

మాడు వాసనొచ్చి వదిన వంటింట్లోకి పరిగెత్తింది. ఒక వాయి నల్లబడింది, ఎవరూ పట్టించుకోలేదు. సూర్యనారాయణన్నయ్యకి చక్కెర జబ్బు, డాక్టరు ఒక్క గారెకే ఒప్పుకున్నాడు, ఆ విషయంలో వదిన దగ్గర అప్పీలు లేదు. వేడివేడిది తెచ్చి ఆయన కంచంలో వేస్తూ, నా వైపు చూసి, మా నాన్న పిలిచినట్టే గొంతెత్తి పిలిచింది.

"పద్నాలుగో నంబరు, లాభం."

ఆయన గారె ముట్టుకోలేదు. కంచం వైపు చూశాడు, నా వైపు చూశాడు.

"అమ్మాజీ, నువ్వు చెప్పు. బుట్టకి ఎన్ని?"

డాక్టరు మాట నాకూ తెలుసు. కానీ లెక్క దగ్గర నేను మొహమాటపడను.

"రెండు" అన్నాను.

వదిన నన్ను కొరకొరా చూసి, రెండోది తేవడానికి వెళ్లింది.